న్యూరోఫీడ్‌బ్యాక్: ఆర్‌సీఐ నంబరు చూడాలా, శిక్షణ సర్టిఫికెట్ చూడాలా?

ఎనిమిదేళ్ల పిల్లవాడు తరగతిలో కుదురుగా కూర్చోడు, చెప్పింది వినడు. ఏడీహెచ్‌డీ (శ్రద్ధ నిలవకపోవడం, అతి చురుకుదనం ఉండే సమస్య) కావచ్చని, న్యూరోఫీడ్‌బ్యాక్ చేయించమని ఎవరో సలహా ఇస్తారు. తల మీద ఎలక్ట్రోడ్లు అతికించి, కావలసిన మెదడు తరంగం పెరిగినప్పుడల్లా తెర మీది విమానం ముందుకు కదిలేలా చేసే శిక్షణ ఇది. వాకబు చేస్తే రెండు చోట్లు తేలతాయి. ఒకచోట ఆర్‌సీఐలో, అంటే భారత పునరావాస మండలిలో, నమోదైన క్లినికల్ సైకాలజిస్టు (మానసిక సమస్యలను గుర్తించి చికిత్స చేసే నిపుణుడు). మరోచోట ఈ రకం శిక్షకులకు పరీక్ష పెట్టి సర్టిఫికెట్లిచ్చే అమెరికా సంస్థ బీసీఐఏ నుంచి సర్టిఫికెట్ పొందిన శిక్షకురాలు. పిల్లవాణ్ణి ఎవరి చేతిలో పెట్టాలి?

ముందు ఆర్‌సీఐ సంగతి. భారత పునరావాస మండలి చట్టం 1992లో వచ్చింది. క్లినికల్ సైకాలజీలో రెండేళ్ల ఎం.ఫిల్ లాంటి గుర్తింపు ఉన్న కోర్సులో రోగుల మధ్య పనిచేసి, జబ్బును గుర్తించడం నేర్చుకున్నవారికి ఈ మండలి నమోదు సంఖ్య ఇస్తుంది. నమోదు లేకుండా ఈ వృత్తి చేస్తే ఏడాది వరకు జైలు, లేదా వెయ్యి రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. ఆ వెయ్యి ఈ రోజుల్లో ఎవరినీ భయపెట్టదు. అయినా తప్పు జరిగితే ఫిర్యాదు చేయడానికి ఒక చోటు ఉంటుంది, రిజిస్టరు నుంచి పేరు తీసేసే అధికారం ఒకరికి ఉంటుంది. తల్లిదండ్రులకు అది చిన్న అండ కాదు. అయితే ఆ నంబరు న్యూరోఫీడ్‌బ్యాక్ కోసం ఇచ్చింది కాదు. అమెరికాలో కూడా ఈ పనికంటూ విడిగా లైసెన్సు ఇచ్చే రాష్ట్రం లేదు. సైకాలజిస్టులు, వైద్యులు తమ తమ లైసెన్సుల కిందే చేస్తారు.

బీసీఐఏ 1981లో మొదలైంది. న్యూరోఫీడ్‌బ్యాక్ సర్టిఫికెట్ కావాలంటే 36 గంటల పాఠం, తన తల మీదే 10 సెషన్లు, ఇతరులకు 100 సెషన్లు, అనుభవజ్ఞుల దగ్గర 25 గంటల పర్యవేక్షణ, ఆపైన పరీక్ష ఉంటాయి. చేతిపని నేర్పే చదువు ఇది. కానీ ఒక జబ్బుకు స్వతంత్రంగా చికిత్స చేయాలంటే లైసెన్సు ఉండాలని, లేనివారు లైసెన్సు ఉన్నవారి పర్యవేక్షణలోనే పనిచేయాలని ఆ సంస్థే నియమం పెట్టుకుంది. తల్లిదండ్రులు అడిగి తెలుసుకోవలసింది ఈ విషయమే.

చేతిపని ఎందుకు ముఖ్యమో సెషన్ గదిలో చూస్తే తెలుస్తుంది. నడినెత్తిన చర్మాన్ని రుద్ది, పేస్టు పూసి ఎలక్ట్రోడ్ అతికిస్తారు. బీటా అనే వేగమైన మెదడు తరంగం పెరిగితే విమానం కదలాలి. పిల్లవాడు గెలవాలన్న పట్టుదలతో పళ్లు బిగిస్తాడు. దవడ కండరం పుట్టించే విద్యుత్తు బీటాలో కలిసిపోతుంది. విమానం దూసుకుపోతుంది, అమ్మ సంబరపడుతుంది. వాడు నేర్చుకున్నది పళ్లు బిగించడం! శిక్షణ ఉన్న కన్ను తెర మీది ఆ ముళ్లలాంటి గీతను వెంటనే పట్టుకుని, దవడ వదులు చేయమంటుంది. ఎం.ఫిల్ ఒక్కటే ఉండి ఈ యంత్రాన్ని కొత్తగా కొన్నవారు దాన్ని గమనించకపోవచ్చు.

ఇక రెండో వైపు. పిల్లవాడు రోజుకు ఎన్నోసార్లు కొన్ని సెకన్లపాటు శూన్యంలోకి చూస్తాడు, పిలిచినా పలకడు. టీచరు దృష్టిలో అది పరధ్యానం. నిజానికది ఆబ్సెన్స్ రకం మూర్ఛ కావచ్చు. తేల్చాలంటే న్యూరాలజిస్టు చేయించే పూర్తి ఈఈజీ (తలంతా ఎలక్ట్రోడ్లు పెట్టి మెదడు తరంగాలు నమోదు చేసే పరీక్ష) కావాలి. ఒకటి రెండు ఎలక్ట్రోడ్లతో సాగే శిక్షణలో అది బయటపడుతుందని నమ్మలేం. ఆ అనుమానం రావడానికే వైద్య పరిచయం ఉన్న బుర్ర కావాలి. వినికిడి లోపం, నిద్రలేమి కూడా ఇలాగే ఏడీహెచ్‌డీ వేషం వేస్తాయి. పళ్లు బిగించడం వల్ల పోయేది డబ్బు, కాలం. మూర్ఛను గుర్తించకపోతే పిల్లవాడికే ప్రమాదం. అందుకే రెండిట్లో ఒక్కటే దొరికేటట్లయితే నేను లైసెన్సు వైపే, అంటే మన దగ్గర ఆర్‌సీఐ నమోదు వైపే, మొగ్గుతాను.

నా మొగ్గుకు మరో కారణం కూడా ఉంది. 2021లో వెలువడిన ఒక అధ్యయనంలో 144 మంది ఏడీహెచ్‌డీ పిల్లలను రెండు జట్లుగా చేసి, ఒక జట్టుకు అసలు శిక్షణ, మరో జట్టుకు ఉత్తుత్తి శిక్షణ ఇచ్చారు. రెండు జట్లూ మెరుగుపడ్డాయి, వాటి మధ్య చెప్పుకోదగ్గ తేడా మాత్రం రాలేదు. ఈ సంగతి దాచకుండా చెప్పి, మందులు, ప్రవర్తన శిక్షణ లాంటి ఇతర దారులు కూడా ముందు పెట్టగలవారు కావాలి. న్యూరోఫీడ్‌బ్యాక్ ఒక్కటే చేతిలో ఉన్నవారికి అది కష్టం.

రెండు అర్హతలూ ఒకే మనిషిలో ఉంటే వెతుకులాట అక్కడితో ఆపవచ్చు. లేదంటే జబ్బు నిర్ధారణ క్లినికల్ సైకాలజిస్టు లేదా సైకియాట్రిస్టు చేసి, సెషన్లు వారి పర్యవేక్షణలో సర్టిఫికెట్ ఉన్నవారు నడపడం మంచి ఏర్పాటు. జబ్బేమీ లేని క్రీడాకారుడు ఏకాగ్రత కోసం వెళ్తుంటే సర్టిఫికెట్ ఒక్కటే చాలు. ఆన్‌లైన్‌లో కొనే హెడ్‌బ్యాండ్లతో ఇంట్లో పిల్లల ఏడీహెచ్‌డీకి చికిత్స మాత్రం వద్దు.

వెళ్లేముందు నమోదు సంఖ్య అడిగి, ఆర్‌సీఐ రిజిస్టరులో ఆ పేరు ఉందో లేదో చూడండి. ఎన్ని సెషన్లలో మార్పు కనిపించకపోతే ఆపేస్తారో కూడా అడగండి. ఆ అంకె చెప్పకుండా 40 సెషన్ల డబ్బు ముందే కట్టమంటే కట్టకండి.