బేసిన్ గట్టు సర్దడానికి ఏది మేలు: అద్దాల అలమరా, అతికించే అరలా, ఎవరి బుట్ట వాళ్ళదా?

జూన్‌లో బెంగళూరు కాడుగోడి దగ్గర కొత్త అద్దె ఇంట్లోకి మారాం. అప్పటినుంచి ఇంటికొచ్చిన వాళ్ళు చెయ్యి కడుక్కుని బయటికి వస్తూనే ఒకటే మాట: "బేసిన్ గట్టు మీద ఏమీ లేదేమిటి? సామానంతా ఎక్కడ పెట్టారు?" మొదట మా వదిన అడిగింది, తర్వాత ఎదురింటి గుంటూరు దంపతులు, మొన్న మా ఆఫీసు మిత్రుడు. ఆ వెంటనే రెండో ప్రశ్న: అద్దాల అలమర బిగించుకోవాలా, గోడకు అతికించే అరలు సరిపోతాయా? మూడుసార్లు చెప్పాను. నాలుగోసారి చెప్పే ఓపిక లేక రాస్తున్నాను.

పనికిరానివి ముందు తీసెయ్యాలని ఎవరికీ చెప్పనక్కర్లేదు. మేమూ హాల్లో పాత పేపరు పరిచి అన్నీ దాని మీద పెట్టాం. నలుగురు మనుషులకు నలభై ఒక్క వస్తువులు తేలాయి. నీళ్ళు కలిపితే ఇంకో రెండు తలస్నానాలకు వస్తుందని దాచిన షాంపూ సీసాలే మూడు. క్రీము డబ్బాల వెనక, మూత తెరిచిన డబ్బా బొమ్మలో 12ఎం అని ఉంటే, తెరిచిన పన్నెండు నెలల్లో వాడెయ్యాలని అర్థం. ఆ లెక్కన మా ఇంట్లో ఒక క్రీముకు మూడేళ్ళ క్రితమే కాలం చెల్లింది. చివరికి పంతొమ్మిది మిగిలాయి. వాటిని ఎక్కడ పెట్టాలన్నదే అసలు సమస్య.

నా లెక్కలో దాన్ని తేల్చేది నీళ్ళే. నగరానికి కావేరి నీళ్ళు తెచ్చే పథకం ఐదో దశ 2024 అక్టోబరులో ప్రారంభమైంది, రోజుకు 77.5 కోట్ల లీటర్లు, నగరంలో కలిసిన 110 గ్రామాల కోసం. మా అపార్ట్‌మెంట్‌కూ కనెక్షన్ ఉంది. కానీ సంపులో ఆ నీళ్ళు, బోరు నీళ్ళు, వేసవిలో ట్యాంకరు నీళ్ళు అన్నీ కలుస్తాయి. తాగే నీటి కాఠిన్యం, అంటే అందులో కరిగి ఉన్న కాల్షియం, మెగ్నీషియం లవణాలు, లీటరుకు 200 మిల్లీగ్రాములు దాటకూడదనీ, వేరే దారి లేనప్పుడు 600 దాకా సరిపెట్టుకోవచ్చనీ భారత ప్రమాణం. మా నీళ్ళు ఎంత ఉన్నాయో కొలిపించలేదు, సబ్బు నురగ చూస్తే తెలుస్తూనే ఉంది. ఇలాంటి నీళ్ళు ఆరిపోతే కాల్షియం కార్బొనేటు తెల్లగా మిగిలిపోతుంది. అదే కాల్షియం సబ్బుతో కలిస్తే నీటిలో కరగని జిడ్డు అవుతుంది. సీసా అడుగున చిక్కిన నీళ్ళకు ఆరే తోవ ఉండదు కనుక అక్కడ ఈ రెండూ పేరుకుంటాయి. సీసా ఎత్తితే కనిపించే తెల్లటి వలయం అదే. నిమ్మరసంతోనో వెనిగరుతోనో రుద్దితే పోతుంది గాని, గట్టు పాలరాయిదైతే ఆ పని చెయ్యకండి, మరకతో పాటు రాయి నునుపూ పోతుంది. పాలరాయి కూడా కాల్షియం కార్బొనేటే.

అందుకని నేను పెట్టుకున్న పరీక్ష ఒకటే. పొడిగుడ్డ ఒక్క చేత్తో, మధ్యలో ఏదీ ఎత్తకుండా, గట్టు ఈ కొస నుంచి ఆ కొసకు పోవాలి.

అద్దాల అలమర ఈ పరీక్షలో సులువుగా నెగ్గుతుంది. పాత ఇంట్లో మాకు ఉండేది. చూపుకు బాగుంటుంది, బ్లేడ్లు పిల్లల చేతికి అందవు. కానీ మాది రంపపు పొట్టు చెక్కతో చేసినది. రెండో వానాకాలానికే కింది అంచు మరమరాల్లా ఉబ్బింది, అద్దం మూలల్లో నల్లమచ్చలు పాకాయి. కొంటే పీవీసీది కొనండి. వడ్రంగితో చేయిస్తే ఐఎస్ 710 ముద్ర ఉన్న మెరైన్ ప్లైవుడ్ అడగండి. లోతు నాలుగైదు అంగుళాలు దాటితే, వంగి ముఖం కడుక్కుని లేచినప్పుడల్లా నుదురు తగులుతుంది. నాకు తగిలింది.

అంతకన్నా పెద్ద చిక్కు ఇంటి యజమాని. పది నెలల అద్దె అడ్వాన్సుగా కట్టిన ఊరు ఇది, టైలుకు బెజ్జం పెట్టే ముందు ఎవరైనా ఆలోచిస్తారు. మా యజమాని చిత్తూరు వైపు మనిషి, తెలుగులోనే చెప్పారు: "బెజ్జానికి నేనేమీ అననండీ. టైలు చిట్లితే ఆ డిజైను ఇప్పుడు ఎక్కడా దొరకదు." నిజమే. సొంత ఇల్లయితే నా సలహా మారేది. అప్పుడు కూడా ఒక అనుమానం ఉంటుంది: తలుపు వెనక ఉన్నది ఎవరికీ కనిపించదు. మా పాత అలమర ఖాళీ చేస్తే ఎండిపోయిన నెయిల్‌పాలిష్‌లు ఆరు దొరికాయి.

అతికించే అరలు అద్దె ఇళ్ళకు బాగా సరిపోతాయని అందరూ అంటారు. నేనూ నమ్మి రెండు తెచ్చాను. ఒకటి అర్ధరాత్రి కిందపడింది. దొంగలు పడ్డారని మా అత్తగారు లైట్లన్నీ వేశారు. తప్పు నాదే. టైలును స్పిరిటుతో తుడిచి, అతికించాక ఒక రోజంతా బరువు పెట్టకుండా ఉంచాలి. నేను గంటలోనే లీటరు షాంపూ సీసా పెట్టాను. గరుకు టైలు మీద మాత్రం ఎంత జాగ్రత్తపడినా అది నిలవదు. గాలి పీల్చుకుని అంటుకునే రబ్బరు గిన్నెలైతే ఇంకా త్వరగా ఊడతాయి.

స్టీలు అర కొనేటప్పుడు ఒకటి చూడండి. కొన్ని దుకాణాల్లో అయస్కాంతం పెట్టి చూపిస్తారు, అంటుకోలేదు కాబట్టి మేలురకం అని. మేలైన 304 రకం స్టీలుకూ అంటుకోదు, నికెల్ తక్కువగా ఉండే చవక 202 రకానికీ అంటుకోదు. తడిలో ముందు తుప్పు పట్టేది ఆ రెండోదే. కాబట్టి ఆ అయస్కాంతం చూసి డబ్బులు ఇవ్వకండి.

గుండ్రంగా తిరిగే పళ్ళేలు, రెండంతస్తుల స్టాండ్లు చూడటానికి ముచ్చటగానే ఉంటాయి. గట్టు మీదే కూర్చుంటాయి కనుక వాటి కాళ్ళ కింద కూడా అదే తెల్లటి వలయం. బేసిన్ కింది అర గొట్టాలకూ బొద్దింకలకూ వదిలేశాం.

ఇక బుట్టలు. హాస్టల్లో చదివిన తెలుగువాళ్ళకు ఇది కొత్తేమీ కాదు. బకెట్టులో మగ్గు, మగ్గులో సబ్బుపెట్టె, భుజాన తువ్వాలు, అలాగే వెళ్ళేవాళ్ళం, అలాగే వచ్చేవాళ్ళం. ఇప్పుడు మా ఇంట్లో మనిషికొక బుట్ట ఉంది, పిడి ఉన్నది, అడుగున చిల్లులున్నది. కె.ఆర్. మార్కెట్ పక్క సందులో నాలుగూ కలిపి మూడు వందల ఇరవైకి వచ్చాయి. ఉండేది పడకగదిలో కిటికీ పక్క అరలో; స్నానానికి మనిషితో వెళ్ళి మనిషితో తిరిగి వస్తుంది. గాలి తగిలి సీసాల అడుగులు ఆరుతాయి, గట్టు మీద గుడ్డ ఆగకుండా పోతుంది. నేను ముందు ఊహించని లాభం మరొకటి: బుట్టను రోజూ మోసేది మనమే కనుక బరువు మనకే తెలుస్తుంది. మా అమ్మాయి బుట్టలోంచి రెండు కండిషనర్లు రెండో వారానికే మాయమయ్యాయి, ఎవరూ చెప్పకుండానే.

ఇబ్బందులు లేవని అనను. మొదటి పది రోజులు లోపలి నుంచి "నాన్నా, నా బుట్ట!" అనే కేకలు వినపడుతూనే ఉండేవి. చుట్టాలు వస్తే సబ్బు ఎక్కడుందో వెతుక్కోవాల్సి వస్తుంది, వాళ్ళ కోసం చిన్న పెట్టె ఒకటి విడిగా ఉంచాం. స్నానాలగది పడకగదికి దూరంగా ఉన్న ఇళ్ళలో, మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళకు ఈ పద్ధతి చెప్పను. వాళ్ళకు అతికించే అరే నయం.

బ్రష్షులు మాత్రం బుట్టలోకి వెళ్ళవు. తడి బ్రష్షుకు మూత పెడితే లోపల చెమ్మ ఆరదు. నిలువుగా, ఒకదానికొకటి తగలకుండా, గాలికి ఆరాలి. కిందపడిన అర పోగా మిగిలిన రెండోది ఇప్పుడు వాటికే. బరువు లేదు కనుక మూడు నెలలుగా కదలలేదు.

మా అత్తగారు బుట్ట తీసుకున్నారు గాని సున్నిపిండి డబ్బా గట్టు మీదే ఉండాలన్నారు. ఉంది. రోజూ దాన్ని ఎత్తి తుడుస్తున్నాను. అద్దం మీద అంటించే బొట్టుబిళ్ళల విషయంలో మా ఆవిడతో ఇంకా మాట్లాడలేదు. ఈ ఉదయానికి ఏడున్నాయి.