వార్ ఆఫ్ ద రింగ్ రెండో ఎడిషన్: షాడో వైపు కూర్చునేవాళ్ల కోసం

రాబర్టో డి మెలియో, మార్కో మాజి, ఫ్రాంచెస్కో నెపిటెల్లో కలిసి లార్డ్ ఆఫ్ ద రింగ్స్ కథ మీద తయారుచేసిన ఈ బోర్డు ఆట మొదట 2004లో వచ్చింది. ఒక వైపు దుష్ట ప్రభువు సౌరాన్ సైన్యాలు, అంటే షాడో; ఎదురుగా అతన్ని ఎదిరించే దేశాలు, అంటే ఫ్రీ పీపుల్స్. ఇక్కడ చెప్పేది ఏరెస్ గేమ్స్ 2011లో తెచ్చిన రెండో ఎడిషన్ గురించి. నలుగురి దాకా ఆడొచ్చని పెట్టె మీద ఉంటుంది గానీ అసలు రుచి ఇద్దరు ఎదురెదురుగా కూర్చున్నప్పుడే. మూడు గంటలు ఖాళీ పెట్టుకోండి, మొదటిసారి అయితే ఇంకా ఎక్కువే.

పెట్టెలో 205 బొమ్మలు, 110 కార్డులు ఉంటాయి. బొమ్మల చెక్కడం బాగుంది, కానీ షాడో సైన్యమంతా ఒకే ఎరుపు. దూరం నుంచి చూస్తే సౌరాన్ సైనికుడెవరో, దక్షిణాది సైనికుడెవరో పోల్చుకోలేం. ఆడే ముందు ఒక్క సాయంత్రం కూర్చుని, ఒక్కో దేశానికి ఒక్కో రంగు చొప్పున బొమ్మల అడుగు అంచుకి పూసేయండి. లేకపోతే ముట్టడి మధ్యలో ఎవరి సైన్యం ఎంతో లెక్క తప్పుతుంది. నియమాల పుస్తకంలో ముట్టడి గురించి రాసినది మాత్రం రెండుసార్లు చదివితే గానీ ఎక్కదు.

ఇక షాడో సంగతి. చచ్చిన మీ సైనికులు మళ్లీ చేర్చుకోవడానికి తిరిగొస్తారు. ఫ్రీ పీపుల్స్ సైనికులు పోతే పోయినట్టే. అందుకని షాడోతో కొత్తగా ఆడేవాళ్లు సైన్యం పోగేస్తూ కూర్చుంటారు. ఓడిపోయేది అక్కడే. ఈలోపు ఫెలోషిప్, అంటే ఉంగరాన్ని నాశనం చేయడానికి మోసుకెళ్లే అవతలి జట్టు, సౌరాన్ రాజ్యం మోర్డోర్ గుమ్మంలో ఉంటుంది. మీకు కొరత సైన్యానిది కాదు, టర్నులది.

మొదలుపెట్టేటప్పుడు మీకు 7 పాచికలు, అవతలివాళ్లకి 4. వాటి మీద పడిన గుర్తుని బట్టే (మస్టర్, ఆర్మీ, క్యారెక్టర్, కన్ను లాంటివి) ఏ పని చేయొచ్చో తేలుతుంది. మీ వైపు ముఖ్య పాత్రలు సరుమాన్, విచ్ కింగ్, మౌత్ ఆఫ్ సౌరాన్ ఒక్కొక్కరు దిగితే తర్వాతి టర్ను నుంచి ఒక్కో పాచిక పెరిగి 10 అవుతాయి. కాబట్టి మొదటి మస్టర్ పాచికని (సైన్యం చేర్చడానికి, దేశాన్ని యుద్ధం వైపు జరపడానికి పనికొచ్చేది) సైన్యం చేర్చడానికి వాడకండి. యుద్ధంలో లేని దేశానికి సైన్యం చేర్చనివ్వరు కూడా. మీ దేశాల్లో ఒకటైన ఐసెన్‌గార్డ్ యుద్ధానికి ఒక్క మెట్టు దూరంలో ఉంటుంది. ఒక మస్టర్‌తో దాన్ని యుద్ధంలోకి దింపండి, రెండో మస్టర్‌తో దాని కోట ఆర్థాంక్‌లో సరుమాన్‌ని పెట్టండి. అతను దిగాక ఒక్క మస్టర్‌తో మూడు ఐసెన్‌గార్డ్ స్థావరాల్లోనూ ఒక్కో రెగ్యులర్ (మామూలు దళం) వస్తుంది, లేదా ఆర్థాంక్‌లో ఇద్దరు రెగ్యులర్లు ఎలైట్లు (మేటి దళాలు) అవుతారు. పైగా ఐసెన్‌గార్డ్ ఎలైట్లందరూ నాయకులుగా లెక్క. విచ్ కింగ్‌కి మాత్రం తొందరపడొద్దు. అతను దిగిన క్షణంలోనే ఫ్రీ పీపుల్స్ దేశాలన్నీ మేల్కొంటాయి.

వేటలో, అంటే ఫెలోషిప్‌ని వెతకడానికి, ఎన్ని పాచికలు పెట్టాలన్నది అందరూ అడిగే ప్రశ్న. మామూలుగా ఒకటి చాలు. మిగతా ఆరింటిలో సగటున ఒక కన్ను పడుతుంది, అదీ వేటలోకే వెళ్తుంది. అంటే వేట బలం 2, వెతకడానికి రెండు పాచికలు వేస్తారు. ఫెలోషిప్ మొదటి కదలికకి 6 పడాలి: దొరికే అవకాశం సుమారు 31 శాతం. అదే టర్నులో రెండో కదలికకి 5 పడినా చాలు: 56 శాతం. ఫెలోషిప్ బొమ్మ ఉన్న ప్రాంతంలో ఒక నాజ్‌గుల్‌ని (సౌరాన్ ఎగిరే సేవకుల్లో ఒకడు) కూర్చోబెడితే ఒక పాచిక మళ్లీ వేసుకోవచ్చు, ఆ 31 కాస్తా 42 అవుతుంది. వేటకి ఇంకో పాచిక తగలేయడం కంటే ఇది చవక. వేటకి మూడు, యుద్ధానికి నాలుగు అంటూ పంచితే రెండు పడవల మీద కాళ్లు పెట్టినట్టే, అటు అవినీతి (ఉంగరం మోసేవాళ్లని చెడగొట్టే లెక్క, 12కి చేరితే మీరు గెలిచినట్టే) 12కి చేరదు, ఇటు కోటలూ పడవు.

యుద్ధంతో గెలవడానికి 10 పాయింట్లు కావాలి. పట్టుకున్న కోటకి 2, నగరానికి 1. హెల్మ్స్ డీప్, ఎడోరాస్ కలిపి 3, లోరియెన్ 2, మొత్తం 5. ఇవి దాదాపు ప్రతి ఆటలోనూ మీ వాటా కావాలి. మిగతా 5 కోసం రెండు దారులున్నాయి. దక్షిణాన మినాస్ తిరిత్, పెలార్గిర్, డోల్ ఆమ్రోత్. ఉత్తరాన వుడ్‌ల్యాండ్ రెల్మ్, డేల్, ఎరెబోర్. రెండూ సరిగ్గా 5 పాయింట్లే. చేతిలోని కార్డులు చూసి రెండు మూడు టర్నుల్లోపు ఒకటి ఎంచుకోండి, ఎంచుకున్నాక మార్చకండి. సగం దారిలో మనసు మార్చుకుంటే సైన్యం బోర్డు అడ్డంగా నడవడానికే నాలుగైదు పాచికలు పోతాయి.

హెల్మ్స్ డీప్ ముట్టడి లెక్క చూడండి. లోపల మొదట ఉండేది ఒక్క రెగ్యులరే. ఫోర్డ్స్ ఆఫ్ ఐసెన్‌లోని ఇద్దరూ వెనక్కి జరిగి కోటలో చేరితే ముగ్గురు. మీరు పదిమందితో వెళ్లినా వేసేది 5 పాచికలే, ముట్టడిలో 6 పడితేనే దెబ్బ. నాయకుడు లేకపోతే రౌండుకి సగటున 0.83 దెబ్బ. నాయకత్వం 5 ఉంటే తప్పిపోయినవన్నీ మళ్లీ వేస్తారు కాబట్టి 1.5 దెబ్బలు. నాలుగు రౌండ్ల పని రెండు రౌండ్లలో తేలిపోతుంది. ముట్టడి దాడి ఒక్క రౌండుతో ఆగిపోతుంది, కొనసాగాలంటే ఒక ఎలైట్‌ని రెగ్యులర్‌గా దించాలి. ఎలైట్లు లేని సైన్యానికి ప్రతి రౌండుకీ కొత్త పాచిక ఖర్చు. ముట్టడికి బయలుదేరేముందు కనీసం ఇద్దరు ఎలైట్లు, వీలైతే ముగ్గురు, సైన్యంలో ఉండాలి. సౌరాన్ ముట్టడుల్లో నాయకత్వం కోసం ఒక క్యారెక్టర్ పాచికతో నాజ్‌గుల్‌లందరినీ ఒకేసారి ఎగరేసి తీసుకురావచ్చు.

దాడి ఎప్పుడు చేస్తున్నారన్నదీ ముఖ్యమే. అవతలివాళ్ల పాచికలు అయిపోయాక మీకింకా రెండు మూడు మిగులుతాయి, అవి వరసపెట్టి మీవే. సైన్యం నడపడం, కార్డులు తీయడం ముందు కానిచ్చి, కోట చుట్టుముట్టడం, కొట్టడం చివరికి దాచుకోండి. సాయం పంపేందుకు అవతల పాచికే ఉండదు. చాలామంది తొందరలో ఆర్మీ పాచిక మొదటే వాడేసి, ఎదురుగా సైన్యం చేరుతుంటే చూస్తూ ఉండిపోతారు.

ఇల్లు మాత్రం ఖాళీ చేయొద్దు. ఫ్రీ పీపుల్స్‌కి 4 పాయింట్లు చాలు, అంటే మీ కోటలు రెండు పోతే ఆట అయిపోయినట్టే. డోల్ గుల్దూర్ నుంచి అందరినీ లోరియెన్ మీదికి పంపేసి వెనక్కి చూడనివాళ్లు ఇలాగే ఓడతారు. ఆర్థాంక్‌లో ఎప్పుడూ ఇద్దరు ముగ్గురిని ఉంచండి. అక్కడ సైన్యం లేనప్పుడు అవతలివాళ్ల ఎంట్ (నడిచే చెట్టు మనుషులు) కార్డు పడితే సరుమాన్ పోతాడు, అతనితో పాటు ఒక పాచికా పోతుంది.

ఫెలోషిప్ మోర్డోర్‌లోకి అడుగుపెట్టాక లెక్క మారుతుంది. అక్కడ ప్రతి కదలికకీ పాచిక వేయకుండానే వేట టైల్ (ఫెలోషిప్‌కి ఎంత దెబ్బో చెప్పే బిళ్ల) తీస్తారు, కన్ను టైల్ పడితే వేట గడిలో ఎన్ని పాచికలుంటే అంత దెబ్బ. మీకు 8 పాయింట్లు దాటకపోతే ఇక యుద్ధం తగ్గించి పాచికలు వేటలోకి మళ్లించండి. 8 దాటి, ఎదురుగా ముట్టడిలో కోట ఉంటే మాత్రం వేటకి ఒక్కటే పెట్టి మిగతావన్నీ ఆ గోడల మీదే వేయండి.