పాత విల్లీస్ జీపుకి బెల్ క్రాంక్ రిపేర్ కిట్: షాఫ్టు భేష్, సీళ్లే నచ్చలేదు

పాత విల్లీస్ జీపు స్టీరింగ్ వదులైందంటే చాలామంది ముందుగా స్టీరింగ్ బాక్స్ స్క్రూ బిగించేస్తారు. దయచేసి తొందరపడకండి. ఈ జీపుకుండే రాస్ కంపెనీ స్టీరింగ్ బాక్స్‌లో క్యామ్ (స్టీరింగ్‌తో పాటు తిరిగే మర లాంటి భాగం) మధ్యభాగం కాస్త టైట్‌గా ఉండేలా చేశారు. అరుగుదల బాక్స్‌లోనే ఉందని తేలాక, చక్రాలు నేరుగా పెట్టి మాత్రమే ఆ స్క్రూ సర్దాలి.

నా 1947 విల్లీస్ సీజే-2ఏ మోడల్ జీపులో తేడా అక్కడ లేదు. చక్రాలు నేల మీదే ఉంచి, తమ్ముణ్ని స్టీరింగ్ అటూ ఇటూ కొద్దిగా కదపమని, నేను కింద దూరి ఒక్కో జాయింటు మీద వేలు పెట్టి చూశాను. స్టీరింగ్ బాక్స్‌కుండే పిట్‌మన్ ఆర్మ్, దాన్ని బెల్ క్రాంక్‌కి కలిపే డ్రాగ్ లింక్ వెంటనే కదిలాయి. ఆ కదలికని చక్రాల వైపు మళ్లించే బెల్ క్రాంక్ మాత్రం ముందు పైకి లేచి, పక్కకి వాలి, ఆ తర్వాత గానీ తిరగట్లేదు. రెండు చక్రాలనీ తిప్పే టై రాడ్లూ దానికే తగిలించి ఉంటాయి కాబట్టి, అక్కడ పిసరంత వదులు ఉన్నా బండి రోడ్డు మీద నిలకడగా పోదు.

అందుకే బెల్ క్రాంక్ రిపేర్ కిట్ తెప్పించాను. అందులో షాఫ్టు, రెండు నీడిల్ బేరింగులు (సూదుల్లాంటి సన్నని రోలర్లు ఉండేవి), సీళ్లు, వాషర్లు ఉన్నాయి. షాఫ్టు చాలా నునుపు, బేరింగులో తిప్పితే ఎక్కడా పట్టలేదు. సీళ్ల రబ్బరు మరీ పల్చన. గ్రీజు కొట్టగానే ఒకదాని అంచు మడతపడింది, వేరేది కొని వేశాను. ఎలా బిగించాలో చెప్పే కాగితం కూడా పెట్టలేదు. నీడిల్ బేరింగ్‌ని నంబరు చెక్కిన వైపు నుంచే, వంకరపోకుండా నొక్కాలి. సుత్తితో కొడితే పల్చటి గుల్ల నలిగి బేరింగు పనికిరాకుండా పోతుంది. కొత్తవాళ్లకి ఇది ఎవరు చెబుతారు? వైస్‌లో పెట్టి, సరిపడా సాకెట్ ఆనించి మెల్లగా బిగిస్తే చక్కగా కూర్చుంటుంది.

తర్వాత టో-ఇన్ (ముందు చక్రాల ముందు అంచులు లోపలికి తిరిగి ఉండే కొలత) సరిచూడాలి. ఈ మోడల్‌కి 3/64 నుంచి 3/32 అంగుళం, అంటే సుమారు 1.2 నుంచి 2.4 మిల్లీమీటర్లు. వదులుగా ఉన్నప్పుడు కుదిర్చిన కొలత ఇప్పుడు పనికిరాదు. అదీ అయ్యాక బండి గీత గీసినట్టు నేరుగా పోతుంటే ఎంత సంతోషమేసిందో! ఐదుకి నాలుగు ఇస్తాను.

షాఫ్టు అన్ని జీపులకీ ఒకే లావు ఉండదు. పాతది కొలిచాకే ఆర్డర్ పెట్టండి. ఫ్రేము మీద షాఫ్టుని పట్టుకునే బ్రాకెట్ రంధ్రం కోలగా సాగిపోయి ఉంటే ముందు దాన్ని బాగుచేయించాలి, లేకపోతే కొత్త షాఫ్టూ ఊగుతుంది. గుంతలో పడగానే స్టీరింగ్ గడగడా వణికే బళ్లకి ఈ కిట్ ఒక్కటే చాలదు, ముందు చక్రాలు పక్కకి తిరిగే చోట ఉండే కింగ్ పిన్ బేరింగులు కూడా విప్పి చూడాల్సిందే.