గోడ బొమ్మలు: ఒంటరిగా తిరిగితే మేలా, గీసినాయన వెంట నడిస్తే మేలా?

నెల్లూరులో గోడ బొమ్మలు చూడాలంటే రెండు దారులు. పొద్దున్నే ఫోన్ పట్టుకుని మన మానాన మనం తిరగడం ఒకటి. ఆ గోడల సంగతి తెలిసిన మనిషి వెంట నడవడం ఇంకొకటి. నేను రెండూ చేశాను. మొదటిసారి వెళ్లేవాళ్లయితే మనిషి వెంటే వెళ్లమంటాను.

మా ఇంటికి నాలుగు వీధుల అవతల ఒక ప్రహరీ గోడ మీద నేలపట్టు పక్షుల కేంద్రం గూడబాతుల (పెలికన్ల) బొమ్మ ఉంది. రోజూ ఆ పక్కనుంచే బండి మీద పోతుంటాను. సెప్టెంబరులో ఒక ఆదివారం పనిగట్టుకుని నడిచి వెళ్లి ఫొటోలు కూడా తీశాను. తెల్లటి పెద్ద పక్షులు, నీలం నీళ్లు, పడవ పక్కన ఒక ఆడమనిషి. నాకు కనబడింది అంతే.

జనవరిలో నలుగురం కలిసి, ఆ గోడ మీద పనిచేసిన పెయింటర్ అన్నను అడిగి తీసుకెళ్లాం. ఆయన మమ్మల్ని గోడకు మూరెడు దూరంలో నిలబెట్టి, "ముక్కు అంచు చూడమ్మా" అన్నాడు. పైముక్కు పొడవునా వరసగా ముదురు చుక్కలు. నేలపట్టులో గూళ్లు కట్టే గూడబాతుకు ఆ చుక్కలే గుర్తు. "ముందు చుక్కల్లేకుండానే ఏసినాం. నేలపట్టు పోయొచ్చిన పిల్లోడొకడు చూసి చెప్పినాడు. మళ్లీ నిచ్చెనెక్కి పెట్టినా" అన్నాడు. ఆ మాట విన్నాక ఒక్కో చుక్కనూ చూడాలనిపించింది.

ఆ ఆడమనిషి మొహం నీలంగా ఉంటుంది. అలాగే గీశారనుకున్నాను. కాదట. అది పడమటి ఎండ నేరుగా తగిలే గోడ. ఎండకు ముందు ఎరుపు, పసుపు వెలిసిపోతాయి, నీలం మిగిలిపోతుంది. సినిమా హాళ్ల దగ్గర పాత పోస్టర్లు నీలంగా మారేది కూడా అందుకే. గోడ కింద మోకాలెత్తు దాకా పెచ్చులూడిన చోట వేలితో గీకి, తెల్లగా తేలిన ఉప్పు చూపించాడు. నేల చెమ్మ గోడలోకి ఎక్కితే ఎంత మంచి రంగైనా నిలబడదట. ఒక మూల ఇంకా చెరగని సుద్దగీత ఉంది. చిన్న బొమ్మను అంత గోడకు ఎలా పెంచుతారో అక్కడే అర్థమైంది: కాగితం మీద అంగుళం గడి, గోడ మీద అడుగు గడి, ఒక్కో గడిలో ఉన్నది ఒక్కో గడిలోకి.

అలాగని ఒంటరి నడక తక్కువేం కాదు. గీసినాయన తన గోడల దగ్గరికే తీసుకెళతాడు. చిన్నబజారు, పెద్దబజారు వైపు మనంతట మనం తిరిగితే, ఫ్లెక్సీలు రాకముందు చేత్తో రాసిన కొట్టు బోర్డులు అక్కడక్కడా కనబడతాయి. అక్షరం వెనక నీడ, నీడ చుట్టూ సన్నని గీత. వాటి ముందు ఎంతసేపైనా నిలబడొచ్చు, తొందరపెట్టేవాళ్లుండరు. ఇంకోమాట, ఒకరు చెప్పాక బొమ్మను మన కళ్లతో చూడటం కష్టమే. అందుకే రెండోసారి మాత్రం ఒక్కరే వెళ్లండి.

ఊరు దాటి మద్రాసు కన్నగి నగర్‌కో హైదరాబాద్ మక్తాకో వెళితే మాత్రం నా మాట మారదు. రెండూ జనం కాపురముండే పేటలు. స్టార్ట్ ఇండియా ఫౌండేషన్ వాళ్లు అక్కడ ఇళ్ల గోడల నిండా పెద్ద పెద్ద బొమ్మలు వేయించారు. తెలిసినవాళ్లు లేకుండా కెమెరా పట్టుకుని వాళ్ల గుమ్మాల ముందు తిరగడం నాకు నచ్చదు. ఆ పేట మనిషినే తోడు తీసుకెళ్లాలి.

ఇక్కడ నెల్లూరులోనైనా ఐదారుగురికి మించి వెళ్లకండి. సందులో ముగ్గు వేసుకునేవాళ్లకు అడ్డం. మన ఎండ సంగతి తెలిసిందే, ఎనిమిదిలోపు ముగించండి. గీసినాయనకు పూట కూలి కాదు, రోజు కూలి ఇవ్వండి. ఆయన బోర్డు రాతలన్నీ ఫ్లెక్సీ మిషన్ పట్టుకుపోయింది, ఇప్పుడు ఇళ్లకు సున్నాలు, రంగులు వేసి బతుకుతున్నాడు. మన కోసం ఆ రోజు పని మానుకుని వస్తాడు.

తిరిగొచ్చేముందు గోడ కింద కుడి మూల ఆయన పేరు ఉండేదని చెప్పాడు. నవంబరు వానలకు ఆ పెచ్చు రాలిపోయిందట. ఇంటికొచ్చి సెప్టెంబరులో తీసిన ఫొటోలన్నీ వెతికాను. ఒకదాంట్లో, గడ్డి వెనక, సగం పేరు కనబడింది. వెంటనే ఆయన వాట్సాప్‌కు పంపాను.