గోల్డ్‌ఫీల్డ్స్ కోసం జెప్సన్ ప్రెయిరీలో ఒక పూట

మేముండేది కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో. కాంట్రా కోస్టా గోల్డ్‌ఫీల్డ్స్ అనే అరుదైన పసుప్పచ్చ పువ్వు మా ఊరి వార్మ్ స్ప్రింగ్స్ తడినేలలోనే పూస్తుంది. కానీ అది వన్యప్రాణుల కోసం కట్టుదిట్టంగా ఉంచిన చోటు, మామూలు రోజుల్లో లోపలికి వదలరు. అందుకే ఏప్రిల్ మొదట్లో అత్తగారిని వెంటబెట్టుకుని డిక్సన్ దగ్గరున్న జెప్సన్ ప్రెయిరీకి, గోల్డ్‌ఫీల్డ్స్ పూసే గడ్డిమైదానానికి, బయల్దేరాం.

ముందు రాత్రి వాకావిల్‌లో హోటల్ తీసుకోవడం శుద్ధ దండగ. హైవే వైపు గది, తెల్లవార్లూ ట్రక్కుల మోత. పొద్దున్నే ఇంటి నుంచి కదిలినా సరిపోయేది.

దూరం నుంచి చూస్తే ఉసూరుమంటుంది: పశువులు మేసే బయలు, ఒక మట్టిదారి. ఓల్కాట్ లేక్ అంటే నీలాల సరస్సు ఊహించుకోకండి, పాలు కలిపిన టీ రంగు నీళ్ళు. అసలు సొగసు చుట్టుపక్కల చిన్న గుంటల్లో ఉంది. అడుగున బంకమట్టి ఉండటంతో చలికాలపు వాన ఇంకదు. ఎండలు ముదిరి నీళ్ళు వెనక్కి తగ్గేకొద్దీ, ఆ అంచు వెంటే పూలు. బయట పసుపు వలయం, దానికి లోపల డౌనింజియా అనే నీలి పూలు.

మోకాళ్ళ మీద కూర్చుంటేగానీ ఏమీ తెలియదు. అత్తగారు వంగి చూసి, "మన గడ్డి చామంతికి చుట్టమేనమ్మా ఇది" అన్నారు. నిజమే, రెండూ చామంతి కుటుంబమే. పువ్వు కింది ఆకుపచ్చ రేకలు విడివిడిగా ఉంటే ఫ్రీమాంట్స్ గోల్డ్‌ఫీల్డ్స్, సగం దాకా అతుక్కుని ఉంటే 1997లో అంతరించిపోతున్న మొక్కల జాబితాకెక్కిన కాంట్రా కోస్టా రకం. మేం తిరగేసి చూసినవన్నీ విడివిడివే. మా ఊరికి ఎవరి పేరు పెట్టారో ఆ అన్వేషకుడు జాన్ ఫ్రీమాంట్ పేరే ఈ పువ్వుకీ పెట్టారు. ఊరి పేరున్న పువ్వు చూడ్డానికి ఇంత దూరం రావాల్సొచ్చింది!

ఈ చోటును చూసుకునే సొలానో ల్యాండ్ ట్రస్ట్ వాలంటీర్లు వసంతంలో వారాంతాల్లో వెంట నడిచి చూపిస్తారు. వాళ్ళతోనే వెళ్ళండి. సొంతంగా తిరిగితే సగం కనబడదు. ఆ పశువుల్ని మేపేది కావాలనేనట, లేకపోతే బయటినుంచి వచ్చిన గడ్డి పూలను కమ్మేస్తుంది. తిండి, నీళ్ళు మీవే తెచ్చుకోవాలి. నీడ తక్కువ, గాలి ఎక్కువ. మా పులిహోర పళ్ళెం ఒకటి ఎగిరిపోతే పరిగెత్తి పట్టుకున్నాం.

ఒక్క మొక్క పెరట్లో వేసుకుందామన్నారు అత్తగారు. కుదరదన్నాను. మట్టి మాత్రం మాతోనే వచ్చింది: వారమైంది, గరాజ్‌లో నా బూట్లకు గట్టిపడి ఉంది, చాకుతో గీకినా రావట్లేదు.