2016 ఆల్బమ్‌లు: తొమ్మిదేళ్ళు విన్నాక నాతో మిగిలినవి

2016 డిసెంబర్ చివర్లో, ఆ ఏడాది నాకు బాగా నచ్చిన పాప్, రాక్ ఆల్బమ్‌ల పేర్లు ఆరు డైరీ చివరి పేజీలో రాసుకున్నాను. మొదటి పేరు బ్రిటిష్ రాక్ గాయకుడు డేవిడ్ బోవీ 'బ్లాక్‌స్టార్', ఆఖరి పేరు అమెరికా మెటల్ బృందం మెటాలికా. ఈమధ్య ఇల్లు మారేటప్పుడు ఆ డైరీ బయటపడింది. సామాన్లు సర్దడం ఆపేసి ఆ పేజీ పట్టుకుని కూర్చున్నాను. ఆ ఆరు ఆల్బమ్‌లూ ఇప్పటికీ వింటున్నాను, కానీ ఈరోజు రాయమంటే ఆ వరుసలో రాయను.

ఎందుకో చెప్పాలంటే ఆ ఏడాది ఎలా గడిచిందో గుర్తు చేసుకోవాలి. జనవరిలో బోవీ పోయాడు. ఏప్రిల్‌లో అమెరికా పాప్ గాయకుడు ప్రిన్స్. నవంబర్‌లో కెనడా కవి, గాయకుడు లెనర్డ్ కోహెన్. పొద్దున్నే ఫోన్ చూడాలంటే టెన్షన్‌గా ఉండేది. నేను ప్రాణంగా విన్న ఆల్బమ్‌లలో మూడింటి మీద చావు నీడ ఉంది. అప్పటి నుంచీ నన్ను వదలని ప్రశ్న ఒకటే: ఆ పాటలు నిజంగా అంత గొప్పవా, లేక ఆ వార్త వల్ల అలా వినిపించాయా? ఒక్క ఏడాదిలో అది తేలదు. ఇన్నేళ్ళు విన్నాక ఇప్పుడు ధైర్యంగా చెప్పగలను.

'బ్లాక్‌స్టార్' 2016 జనవరి 8న, శుక్రవారం వచ్చింది. ఆరోజు బోవీ 69వ పుట్టినరోజు. అప్పట్లో నాకు నెలకి ఒక జీబీ డేటా, జియో సిమ్ రావడానికి ఇంకా ఎనిమిది నెలలుంది. ఆఫీసు వైఫైలో డౌన్‌లోడ్ చేసుకుని శని, ఆదివారాలు విన్నాను. సోమవారం మధ్యాహ్నం భోజనాలకి లేస్తుంటే వార్త వచ్చింది, బోవీ కేన్సర్‌తో 10వ తేదీన చనిపోయాడని. జబ్బు సంగతి అంతవరకూ బయటికి రానివ్వలేదు. అంటే నేను ఆ ఆల్బమ్‌ని రెండు రోజులు బతికున్న మనిషి పాటలుగా విన్నాను. ఆ రెండు రోజులు నాకు చాలా విలువైనవి. ఎందుకంటే వార్తకి ముందే, టైటిల్ పాట పూర్తయ్యేసరికి నాకు ఒళ్ళు జలదరించింది. దాదాపు పది నిమిషాల పాట అది. మధ్యలో ఒకచోట డ్రమ్స్ ఆగిపోయి, పాట కరిగిపోయినట్టయి, వేరే రాగంలో వేరే మనిషి పాడుతున్నట్టు మళ్ళీ మొదలవుతుంది. అక్కడ ఏం జరిగిందో అర్థం చేసుకోవడానికి వెనక్కి జరిపి మళ్ళీ మళ్ళీ విన్నాను.

ఈ ఆల్బమ్‌కి బోవీ రాక్ వాయించేవాళ్ళని తీసుకోలేదు. న్యూయార్క్‌లో 55 బార్ అనే చిన్న చోట డానీ మెకాస్లిన్ అనే శాక్సోఫోన్ విద్వాంసుడి జాజ్ బృందాన్ని చూసి, మొత్తం బృందాన్నే స్టూడియోకి పిలిపించుకున్నాడు. మార్క్ జూలియానా డ్రమ్స్, జేసన్ లిండ్నర్ కీబోర్డ్, టిమ్ లెఫేవర్ బేస్. ప్రొడ్యూసర్ మాత్రం పాత స్నేహితుడు టోనీ విస్కాంటీ. ఓసారి ఇంట్లో స్పీకర్లో పెట్టినప్పుడు అమ్మ వంటింట్లోంచి వచ్చి, "ఇది కద్రి గోపాల్‌నాథ్ గారు వాయించేదే కదమ్మా" అంది. ఆయన కచేరీలు రేడియోలో వింటూ పెరిగిన చెవి అమ్మది. వాద్యం అదే, కానీ ఈయన ఊదుతుంటే ఎవరో గొంతు చించుకుని అరుస్తున్నట్టుంటుందని చెప్పాను. అమ్మ కాసేపు నిలబడి విని, "ఏడుస్తున్నట్టు కూడా ఉంది" అంది. నేను అప్పటిదాకా దాన్ని ఏడుపుగా వినలేదు. ఆ తర్వాత ఇంకోలా వినలేకపోయాను.

2018లో ఎల్పీ తెప్పించుకున్నాను. అమ్మినవాళ్ళు ఎండలో పెట్టారో ఏమో, రికార్డు వంగిపోయి వచ్చింది. టైటిల్ పాట సగంలో సూది ఎగిరి పక్క గాడిలో పడేది. ఎన్ని మెయిల్స్ రాసినా డబ్బు తిరిగి రాలేదు, ఏడాది తర్వాత ఇంకోటి కొన్నాను. ఆ అట్ట కోసమైనా కొనాలి. జొనాథన్ బార్న్‌బ్రుక్ రూపకల్పన అది. పైన నక్షత్రం ఆకారంలో కత్తిరించి ఉంటుంది, అందులోంచి నల్లటి రికార్డు కనిపిస్తుంది. లోపలి అట్టని ఎండకి పెడితే నక్షత్రాలు తేలతాయి. వేసవిలో మా డాబా మీద పెట్టి చూశాను. మాటల్లో చెప్పేకంటే చూస్తే బాగుంటుంది.

ఇప్పుడు తీర్పు. వార్తని పక్కన పెట్టినా 'బ్లాక్‌స్టార్' నిలుస్తుంది. అయితే అన్ని పాటలూ కాదు. 'లాజరస్' అప్పట్లో నాకు అన్నిటికన్నా పెద్ద పాట, ఇప్పుడు అది వార్తతో మరీ ఎక్కువగా అతుక్కుపోయింది, పాటగా వినడం కష్టమవుతోంది. రోజులు గడిచేకొద్దీ పెరిగింది చివరి జంట. 'డాలర్ డేస్' ఆగకుండా ఆఖరి పాటలోకి జారుతుంది, అక్కడ ఒక హార్మోనికా వినిపిస్తుంది. అది 1977 నాటి తన సొంత ఆల్బమ్ 'లో' నుంచి తెచ్చుకున్న స్వరం. ముప్పై తొమ్మిదేళ్ళ కిందటి తన ఊపిరిని తీసుకొచ్చి చివరి పాటలో పెట్టుకున్నాడు. ఇది తెలిసిన తర్వాత ఆ ఆరు నిమిషాల్లో నేను ఇంకో పని చెయ్యలేను.

కోహెన్ 'యు వాంట్ ఇట్ డార్కర్' అక్టోబర్ 21న వచ్చింది. ఆయన నవంబర్ 7న చనిపోయాడు, మనకి తెలిసింది 11వ తేదీ పొద్దున. పెద్ద నోట్లు రద్దయి మూడు రోజులు. నేను విజయవాడలో బ్యాంకు ముందు క్యూలో ఉన్నాను, ముందు ఎనభై మంది ఉంటారేమో. ఆ క్యూలో ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని ఆల్బమ్ మొత్తం రెండుసార్లు విన్నాను. ముప్పై ఆరు నిమిషాలే కాబట్టి కౌంటర్ దగ్గరికి చేరేలోపు ఇంకా సమయం మిగిలింది.

ఎనభై రెండేళ్ళ మనిషి. వెన్నుపూసలు దెబ్బతిని లేవలేని స్థితి. స్టూడియోకి వెళ్ళలేక లాస్ ఏంజెలెస్‌లో ఇంట్లోనే కుర్చీలో కూర్చుని పాడితే, కొడుకు ఆడమ్ కోహెన్ రికార్డు చేశాడు. ఆ గొంతు పాడుతోందో మాట్లాడుతోందో తెలియదు. ఊళ్ళో సాయంత్రాలు అరుగు మీద కూర్చుని తత్త్వాలు పాడే పెద్దవాళ్ళ గొంతు తెలిసినవాళ్ళకి ఇది కొత్త కాదు. స్వరం సన్నగిల్లినా మాట మీద బరువు తగ్గదు. టైటిల్ పాటలో వెనక వినిపించే బృందం మాంట్రియల్‌లో కోహెన్ కుటుంబం వెళ్ళే షార్ హషోమయిం సినగాగ్ (యూదుల ప్రార్థనా మందిరం) వాళ్ళది. పాట మధ్యలో 'హినేని' అనే హీబ్రూ మాట వస్తుంది. 'ఇదిగో నేను' అని అర్థం. దేవుడు పిలిస్తే పలికే మాట. కోహెన్ 1999లో ముంబై వచ్చి రమేశ్ బల్సేకర్ దగ్గర అద్వైతం విన్నాడు. ఆ సంగతి తెలిశాక ఆ 'ఇదిగో నేను' నాకు ఇంకాస్త దగ్గరగా వినిపించింది.

దీని విషయంలో నా ప్రశ్నే పనికిరాదని తర్వాత అర్థమైంది. ఇది చావు వార్త వల్ల అర్థం మారిన ఆల్బమ్ కాదు, చావు గురించే తెలిసి రాసుకున్న ఆల్బమ్. వార్త దానికి కొత్తగా ఇచ్చిందేమీ లేదు. 2021లో నాన్న ఆసుపత్రిలో ఉన్న పద్నాలుగు రోజులూ రాత్రిళ్ళు కారిడార్ బెంచీ మీద దీన్ని విన్నాను. ఇంకే పాటా ఆ రోజుల్లో చెవికి ఆనలేదు. నాన్న ఇంటికి వచ్చాడు. ఆ ఆల్బమ్ విన్నప్పుడల్లా ఇప్పటికీ ఫినాయిల్ వాసన వస్తుంది నాకు, అయినా వింటాను.

ఆస్ట్రేలియా రాక్ బృందం నిక్ కేవ్ అండ్ ది బ్యాడ్ సీడ్స్ వాళ్ళ 'స్కెలిటన్ ట్రీ' గురించి తక్కువే రాస్తాను. కేవ్ కొడుకు పదిహేనేళ్ళ ఆర్థర్ 2015 జులైలో బ్రైటన్ దగ్గర కొండ అంచు నుంచి పడి చనిపోయాడు. ఆల్బమ్ 2016 సెప్టెంబర్‌లో వచ్చింది. అంతా ఆ దుఃఖంలోనే రాశాడని చాలామంది అనుకుంటారు, నేనూ అనుకున్నాను. కానీ పాటల్లో ఎక్కువ భాగం అంతకుముందే రాసి ఉన్నవి. ఆ తర్వాత మారింది గొంతు. 'ఐ నీడ్ యూ' లో ఆ గొంతు తాళానికి అందక వెనకబడుతుంది, ఎవరూ దాన్ని సరిచెయ్యలేదు. గొప్ప ఆల్బమ్. ఏడాదికి ఒక్కసారి వింటాను, అంతకంటే నావల్ల కాదు. పిల్లలున్నవాళ్ళు ఒంటరిగా, రాత్రిపూట మొదలుపెట్టొద్దని నా మనవి.

రోలింగ్ స్టోన్స్ 'బ్లూ అండ్ లోన్సమ్' డైరీలో ఐదో స్థానంలో ఉంది. అప్పుడు దాన్ని తక్కువగా చూశాను. పన్నెండు పాత బ్లూస్ పాటలు, ఒక్కటి కూడా వాళ్ళు రాసింది కాదు. కొత్త పాటల కోసం లండన్‌లో స్టూడియోకి వెళ్ళి, చెయ్యి తిరగడానికి లిటిల్ వాల్టర్ పాట ఒకటి వాయించి, అక్కడి నుంచి మూడు రోజుల్లో మొత్తం ఆల్బమ్ పూర్తి చేశారు. పక్క గదిలో తన పనిలో ఉన్న ఎరిక్ క్లాప్టన్ కూడా వచ్చి రెండు పాటల్లో గిటార్ వాయించాడు. ఆదివారం పొద్దున ఇల్లు తుడుచుకుంటూ వినే ఆల్బమ్ అనుకునేదాన్ని. 2021 ఆగస్టులో స్టోన్స్ డ్రమ్మర్ చార్లీ వాట్స్ పోయాక మళ్ళీ పెట్టి, ఈసారి డ్రమ్స్ ఒక్కటే విన్నాను. ఎక్కడా తొందర లేదు, ఒక్క దెబ్బ ఎక్కువ లేదు. మిక్ జాగర్ హార్మోనికా ఎంత రెచ్చిపోయినా ఆ తాళం కదలదు. నేను దీన్ని వాడినంతగా ఈ ఆరింటిలో ఇంకే ఆల్బమ్‌నీ వాడలేదు. ఇప్పుడు దానికి మూడో స్థానం ఇస్తున్నాను.

మెటాలికా 'హార్డ్‌వైర్డ్... టు సెల్ఫ్ డిస్ట్రక్ట్' నా జాబితాలోకి మా తమ్ముడి వల్ల వచ్చింది. 2011 అక్టోబర్ 30న బెంగళూరు ప్యాలెస్ గ్రౌండ్స్‌లో మెటాలికా వాయించినప్పుడు హైదరాబాద్ నుంచి రాత్రి బస్సెక్కి వెళ్ళినవాళ్ళలో వాడొకడు. రెండు రోజుల ముందు గుర్‌గావ్‌లో కచేరీ రద్దయితే, ఇదీ ఆగిపోతుందేమోనని దారంతా భయపడ్డాడట. ఆల్బమ్ వచ్చినరోజే ఫోన్ చేసి, "అక్కా, ఆఖరి పాట విను ముందు, తర్వాత మాట్లాడదాం" అన్నాడు. 'స్పిట్ అవుట్ ద బోన్' నిజంగా అద్భుతం, యాభై దాటిన మనుషులు ఏడు నిమిషాలు ఆ వేగం నిలబెట్టడం చిన్న విషయం కాదు. అయితే రెండు డిస్కులు, డెబ్బై ఏడు నిమిషాలు. మొదటి డిస్కు బిగువుగా ఉంటుంది, రెండోదాంట్లో ఆ ఆఖరి పాట వరకూ ఓపిక పట్టాలి. తమ్ముడు ఒప్పుకోడు. 'మర్డర్ వన్' మోటర్‌హెడ్ బృందం గాయకుడు లెమీకి నివాళి కాబట్టి దాన్ని దాటెయ్యడం తప్పంటాడు. నివాళి మంచిదే, పాట సాగతీతగా ఉంది. నా మాట మీద నేను ఉన్నాను.

డైరీలో లేనిది, ఉండాల్సింది ఒకటుంది: బియాన్సే 'లెమనేడ్'. మూడేళ్ళ పాటు స్ట్రీమింగ్‌లో ఒక్క టైడల్‌లోనే ఉండేది, 2019 ఏప్రిల్‌లో మిగతా యాప్‌లలోకి వచ్చాక విన్నాను. భర్త మోసం చేశాడన్న అనుమానం నుంచి కోపం, కోపం నుంచి పుట్టింటి జ్ఞాపకాలు, అక్కడి నుంచి క్షమ దాకా వరుసగా నడిచే కథ. రాక్ గాయకుడు జాక్ వైట్‌తో కలిసి పాడిన 'డోంట్ హర్ట్ యువర్‌సెల్ఫ్' లో లెడ్ జెప్పెలిన్ డ్రమ్స్ మీద ఆమె అరుస్తుంటే, ఇది రాకా పాపా అనే ప్రశ్నే గుర్తురాదు. వీడియోతో కలిపి చూడండి, విడిగా వింటే సగమే.

ఇక మిగిలింది బ్రిటిష్ రాక్ బృందం రేడియోహెడ్ 'ఎ మూన్ షేప్డ్ పూల్'. మే 8న వచ్చింది. డైరీలో దీనికి నేనిచ్చింది నాలుగో స్థానం, పక్కన 'కొంచెం నిదానం' అని రాసుకున్నాను. ఇప్పుడు ఇదే మొదటిది.

పదకొండు పాటలు ఇంగ్లీషు అక్షరక్రమంలో ఉంటాయి, 'బర్న్ ద విచ్' తో మొదలై 'ట్రూ లవ్ వెయిట్స్' తో ముగుస్తాయి. అలా పేర్చినా ఇంత కుదురుగా ఎలా ఉందో నాకిప్పటికీ ఆశ్చర్యమే. మొదటి పాటలో వయొలిన్లని విల్లుతో కాకుండా గిటార్ మీటే ప్లెక్ట్రమ్‌తో కొట్టించారు, అందుకే ఆ టకటక శబ్దం. తంత్రీవాద్యాల పని అంతా బృందంలో గిటారిస్టు జానీ గ్రీన్‌వుడ్‌ది, వాయించింది లండన్ కాంటెంపొరరీ ఆర్కెస్ట్రా. అంతకుముందు ఏడాదే గ్రీన్‌వుడ్ జోధ్‌పూర్ మెహ్రాన్‌గఢ్ కోటలో రాజస్థానీ కళాకారులతో కూర్చుని 'జునూన్' అనే ఆల్బమ్ చేశాడు. దాని ప్రభావం ఇందులో ఉందని నేననను, కానీ రెండూ ఒకదాని తర్వాత ఒకటి వినండి.

ఇది వచ్చినప్పుడు దీని వెంట చావు వార్త ఏదీ నా చెవిన పడలేదు. రేడియోహెడ్ గాయకుడు టామ్ యార్క్ ఇరవై మూడేళ్ళ సహచరి నుంచి 2015లో విడిపోయాడు. ఆ బాధ పాటల్లో ఎక్కడా పేరు చెప్పుకోదు. బహుశా అందుకే ముందు నన్ను పట్టుకోలేదు, అందుకే తర్వాత వదల్లేదు కూడా. 'ట్రూ లవ్ వెయిట్స్' ని యార్క్ 1995లోనే వేదిక మీద గిటార్‌తో పాడాడు. 2001 నాటి లైవ్ రికార్డులో ఆ గిటార్ పాట నేను కాలేజీలో అరిగిపోయేలా విన్నాను. అందులో వెళ్ళొద్దని బతిమాలే కుర్రవాడుంటాడు. ఇరవై ఏళ్ళ తర్వాత స్టూడియోలో చేసినప్పుడు గిటార్ లేదు, ఒక పియానో మీద ఇంకో పియానో, రెండూ ఒకదానికొకటి సరిగ్గా అందకుండా కదులుతుంటాయి. మాటలు దాదాపు అవే. బతిమాలడం మాత్రం పోయింది.

మొన్న హైదరాబాద్ నుంచి విజయవాడ వెళ్తూ రైల్లో దీన్ని మళ్ళీ విన్నాను. పక్క సీటులో తమ్ముడు ఒక ఇయర్‌ఫోన్ తీసుకున్నాడు. పాట అయిపోయాక కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "అక్కా, కాలేజీలో నువ్వు వినేది ఇదేనా?" అన్నాడు. ఇదేనని చెప్పి, ఆ పాతది వెతికి పెట్టాను.