సీక్యాష్ డీబగ్ మోడ్: ఇన్నాళ్ల వాడకం తర్వాత

సీ, సీ ప్లస్ ప్లస్ కోడ్‌ను ఒకసారి కంపైల్ చేశాక (అంటే మెషిన్‌కు అర్థమయ్యే రూపంలోకి మార్చాక) ఆ ఫలితాన్ని దాచిపెట్టి, అదే కోడ్ మళ్లీ వస్తే తీసిచ్చే సాధనం సీక్యాష్. దాన్ని అందరూ వేగం కోసం మెచ్చుకుంటారు. నాకు దాని మీద ఇంత ఇష్టం ఏర్పడింది మాత్రం అది పనిచేయని రోజుల్లో. క్యాష్ ఎందుకు తగల్లేదో, అంటే దాచిన ఫలితం ఎందుకు దొరకలేదో, దాని డీబగ్ మోడ్ విప్పి చూపిస్తుంది. నేను రాయాలనుకున్నది ఆ గుణం గురించే.

మాది తెలుగు అచ్చు పేజీల ఫొటోల్లోంచి అక్షరాలు గుర్తించే ఓపెన్ సోర్స్ ప్రాజెక్టు, సీ ప్లస్ ప్లస్‌లో. చాలాకాలం బిల్డులూ (కోడ్ మొత్తాన్ని కంపైల్ చేసి ప్రోగ్రామ్‌గా కట్టడం) టెస్టులూ అన్నీ విశాఖ ఎంవీపీ కాలనీలో ఒక ఫ్లాట్‌లోని పాత మెషిన్ మీదే నడిచేవి. ఎవరెవరో ఎప్పుడెప్పుడో ఇన్‌స్టాల్ చేసిన లైబ్రరీలన్నీ అందులో పేరుకుపోయాయి. అక్కడ పాసైన కోడ్ ఇంకో చోట కంపైల్ అయ్యేది కాదు. ఇక సముద్రపు ఉప్పుగాలికి ఫ్యాన్లు తుప్పు పట్టడం సరేసరి. అందుకే మొత్తం మార్చేశాం. మధురవాడలో ఒక మిత్రుడి ఆఫీసులో ఖాళీగా పడి ఉన్న డెస్క్‌టాప్‌లు తీసుకున్నాం. ప్రతి పుల్ రిక్వెస్ట్‌కూ (ఎవరైనా తమ మార్పును కలపమని పంపే అభ్యర్థన) వాటి మీద కొత్త కంటైనర్, అంటే ప్రతిసారీ ఖాళీగా మొదలయ్యే విడి వాతావరణం, పుడుతుంది, పని అవగానే పోతుంది. పాత మెషిన్‌ను కూడా అక్కడికే చేర్చి క్యాష్ నిలవ ఉంచే పని అప్పగించాం. 4.4 వెర్షన్ నుంచి సీక్యాష్ నెట్‌వర్క్‌లో ఇంకో చోట ఉన్న నిలవను కూడా వాడుకోగలదు.

కంటైనర్లు శుభ్రంగా నడిచాయి. బిల్డులు మాత్రం పాత మెషిన్ కన్నా నెమ్మదించాయి. గణాంకాలు తీసి చూస్తే దాదాపు అన్నీ మిస్సులే, అంటే దాచిన ఫలితం దొరకనివే.

మాకు ప్యాచ్‌లు (కోడ్ మార్పులు) పంపేవాళ్లలో ఎక్కువమంది శ్రీకాకుళం, విజయనగరం వైపు విద్యార్థులు. రాత్రిపూట హాస్టల్లో కూర్చుని పంపుతారు. ఫలితం కాసేపట్లో వస్తే తప్పు దిద్ది అప్పుడే మళ్లీ పంపుతారు. తెల్లారితే క్లాసులు, ల్యాబులు, ఆ ప్యాచ్ అలా ఉండిపోతుంది. బిల్డు ఆలస్యమైతే నాకు అంత బాధ కలిగేది వీళ్ల వల్లే.

మొదటి అనుమానం దారుల (ఫోల్డర్ పాత్‌ల) మీదకి పోయింది. సీక్యాష్ కోడ్, కంపైలర్, ఆప్షన్లు కలిపి హ్యాష్ అనే ఒక గుర్తు లెక్కగట్టి, దాన్నిబట్టే దాచినదాన్ని వెతుకుతుంది. డీబగ్ సమాచారంతో కంపైల్ చేసేటప్పుడు ఏ ఫోల్డర్‌లో ఉన్నామన్నది కూడా హ్యాష్‌లో కలుస్తుంది. మా కంటైనర్లేమో ఒక్కోటి ఒక్కో ఫోల్డర్‌లోకి కోడ్ దించుకునేవి. అన్నింటికీ ఒకే దారి పెట్టాం. తర్వాత కంపైలర్. సీక్యాష్ మామూలుగా కంపైలర్ ఫైలు సైజూ, అది మారిన సమయమూ చూసుకుంటుంది. మా ఇమేజ్‌లో (కంటైనర్ పుట్టే మూసలో) కంపైలర్‌ను సోర్స్ నుంచి కడతాం కాబట్టి ఇమేజ్ కట్టినప్పుడల్లా ఆ సమయం మారిపోతుంది. ఫైలులో ఉన్నదాన్నే పోల్చేలా సెట్టింగ్ మార్చాం. అయినా గణాంకాల్లో పెద్ద తేడా కనబడలేదు.

అప్పుడు డీబగ్ మోడ్ ఆన్ చేశాం. అది ప్రతి ఆబ్జెక్ట్ ఫైలుకూ (ఒక్క సోర్స్ ఫైలును కంపైల్ చేస్తే వచ్చేది) హ్యాష్‌లోకి ఏమేం పోయిందో మనిషి చదువుకోగలిగేలా ఒక టెక్స్ట్ ఫైలులో రాసిపెడుతుంది. కంటైనర్‌తో పాటే పోకుండా వాటిని బయటి ఫోల్డర్‌లోకి రాయించాలి, అది మర్చిపోకండి. ఒకే సోర్స్ ఫైలుకు రెండు కమిట్ల (కోడ్‌లో నమోదైన మార్పుల) దగ్గర వచ్చిన ఆ టెక్స్ట్‌లను డిఫ్ చేస్తే (పోల్చి చూస్తే) తేడా ఒకే లైను. ప్యాచ్‌లు పంపే ఒక విజయనగరం కుర్రాడు చూసి, "అన్నా, ప్రతి ఫైల్లోనూ కమిట్ హ్యాష్ వస్తోంది చూడండి" అన్నాడు.

వెర్షన్ హెడర్‌లో (హెడర్ అంటే ఇతర ఫైళ్లు తమలో కలుపుకునే ఫైలు) కమిట్ హ్యాష్, అంటే ఆ కమిట్‌కు ఉండే గుర్తు, ఒక స్ట్రింగ్ కాన్‌స్టెంట్‌గా (స్థిరమైన అక్షరాల వరసగా) ఉంది. ఆ హెడర్‌ను లాగింగ్ హెడర్ ఇన్‌క్లూడ్ చేస్తుంది, లాగింగ్ హెడర్‌ను ప్రాజెక్టంతా. మాక్రో (కంపైల్‌కు ముందు దశ అయిన ప్రీప్రాసెసింగ్‌లో పేరు బదులు విలువ పెట్టేది) అయ్యుంటే, దాన్ని వాడని ఫైళ్లలో ప్రీప్రాసెసింగ్ తర్వాత ఆనవాలు కూడా మిగలదు, క్యాష్ తగిలేది. కాన్‌స్టెంట్ కాబట్టి ప్రతి ఫైల్లోనూ మిగిలింది, కమిట్ మారితే ప్రతి ఫైలూ కొత్తదే. మరి పాత మెషిన్ మీద ఎందుకు బయటపడలేదు? అక్కడ బిల్డ్ ఫోల్డర్ ఎప్పుడూ చెరపలేదు కాబట్టి ఆ హెడర్ మళ్లీ తయారయ్యేదే కాదు. అంటే అన్నాళ్లూ మా బైనరీలు తప్పు కమిట్ చూపిస్తున్నాయన్నమాట! ఆ కమిట్ హ్యాష్‌ను ఒక్క సీపీపీ ఫైల్లోకి (మామూలు సోర్స్ ఫైల్లోకి) మార్చి, హెడర్‌లో డిక్లరేషన్ (పేరు ప్రకటన) మాత్రం ఉంచాం. ఇప్పుడు కొత్త కమిట్ వస్తే ఆ ఫైలూ, మారిన కోడ్ తాకే ఫైళ్లూ మాత్రమే కంపైల్ అవుతాయి.

ఇంకో మంచి విషయం, కరెంటు పోయి నిలవ మెషిన్ ఆగినా బిల్డు విఫలం కాదు. నెమ్మదిగానైనా పూర్తవుతుంది.

మొదట్లో నేను చెప్పుకున్నంత గొప్పగా అంతా లేదు. లింకింగ్‌ను (ఆబ్జెక్ట్ ఫైళ్లను కలిపి ప్రోగ్రామ్ చేయడాన్ని) సీక్యాష్ దాచదు, టెస్టుల జోలికి రాదు. కంపైల్ తగ్గాక మా సమయంలో పెద్ద వాటా ఇప్పుడు టెస్టులదే. లోకల్ క్యాష్ మామూలుగా 5 జీబీ దాటితే పాతవి తనే తీసేస్తుంది కానీ, నెట్‌వర్క్ నిలవను శుభ్రం చేసే పని మనదే. మాకు డిస్క్ నిండాక ఆ పనికి క్రాన్ జాబ్ (వేళకు దానంతటదే నడిచే పని) పెట్టుకున్నాం. బయటివాళ్ల ప్యాచ్‌లకు ఆ నిలవను చదివే హక్కు మాత్రమే ఇచ్చాం, రాసే హక్కు మెయిన్ బ్రాంచ్‌దే. రిలీజ్ బిల్డ్‌కు క్యాష్ వాడం.

సీ, సీ ప్లస్ ప్లస్ ప్రాజెక్టు పెద్దదై, ప్రతిసారీ ఖాళీ కంటైనర్‌లో మొదలుపెట్టేవాళ్లకైతే గట్టిగా చెబుతాను, పెట్టుకోండి. ఒకే ల్యాప్‌టాప్ మీద ఒకే బ్రాంచ్‌లో పనిచేసేవాళ్లకు నింజా అనే బిల్డ్ సాధనం ఇచ్చే ఇంక్రిమెంటల్ బిల్డే (మారినవే మళ్లీ కట్టడం) దాదాపు సరిపోతుంది. రస్ట్ భాష వాళ్లకు ఎస్‌సీక్యాష్ అనే ఇలాంటి సాధనం వేరే ఉంది. మా పైథాన్ భాగానికి ఇది ఎందుకూ అక్కరకు రాలేదు.